నా సమక్షంలో

"సంతకం నీదా, కాదా? ఒక్క మాటలో చెప్పు. ఉపన్యాసం వద్దు."

చెల్లెలు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో ఆ రోజు పేపరు. మూడో పేజీ పైకి వచ్చేలా మడిచి, మడతను గోటితో నొక్కి పట్టుకుంది.

అక్క లంచ్ బాక్సు మూత పెట్టబోతూ ఆగిపోయింది. పేపర్లో వాళ్ల ల్యాబు రిపోర్టు ఫొటో వేశారు. అంకెలన్నీ అలుక్కుపోయాయి గాని, అడుగున సంతకం మాత్రం పొల్లు కూడా పోకుండా వచ్చింది.

"నాదే."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"వినే స్థితిలో నువ్వున్నావా? చెప్పే స్థితిలో నేనున్నానా?"

"పదకొండు రోజులక్కా! పదకొండు రోజులు నా పక్కనే పడుకున్నావు. అన్నం కలిపి నోట్లో పెట్టావు. తల దువ్వావు. ఆ చేత్తోనే ఆ శ్లాబు గట్టిగా ఉందని రాశావన్నమాట."

"నా దగ్గరికి వచ్చిన క్యూబులు గట్టిగా ఉన్నాయని రాశాను."

"ఆ తేడా నాకు చెప్పకు. పోయి ఆయనకు చెప్పు."

కిటికీ దగ్గర కుర్చీలో చెల్లెలి అత్తగారు కూర్చుని ఉన్నారు. ఒళ్లో కొడుకు చొక్కాలు. పొద్దుటి నుంచి వాటినే మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ ఉన్నారు. ఆవిడ తలెత్తలేదు.

పదకొండు రోజుల కిందట, కాలువ మీద కడుతున్న కొత్త వంతెనకు పక్కగా పోసిన నడకదారి శ్లాబు, కింద ఊతంగా నిలబెట్టిన సెంట్రింగు విప్పుతుండగా కూలింది. ముగ్గురు పోయారు. ఇద్దరు కూలీలు. మూడోవాడు సైటు సూపర్‌వైజరు, చెల్లెలి మొగుడు. పెళ్లయి నాలుగేళ్లు. నవ్వితే చిగుళ్లు కనపడేవి. ఎవరు కనిపించినా ఇట్టే స్నేహం కలిపేవాడు.

అక్క పనిచేసేది రోడ్లకూ వంతెనలకూ వాడే సామాను పరీక్షించే ల్యాబులో. కంకర, తారు, సిమెంటు, ఇనుము, ఏది వచ్చినా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. అక్కడందరూ ఆమెను "క్యూబులమ్మ" అంటారు. శ్లాబు పోసిన రోజే అదే కాంక్రీటుతో జానెడు సైజు దిమ్మలు పోసి, నీళ్లలో నానబెట్టి, ఇరవై ఎనిమిదో రోజున మిషనులో పెట్టి పగలగొడతారు. ఆ దిమ్మలే క్యూబులు. అవి ఎంత బరువుకు పగిలితే శ్లాబుకు అంత బలం ఉన్నట్టు లెక్క. ఆ రిపోర్టు చూశాకే కింద సెంట్రింగు విప్పుతారు.

అంటే ఆమె సంతకం చూశాకే.

"సాయంత్రం ఇక్కడికి రాకు," అంది చెల్లెలు.

"నా బట్టలు ఇక్కడున్నాయి."

"సర్ది గేటు దగ్గర పెడతాను. నీ గదికి తీసుకుపో."

"నువ్వు తిననంటే ఎవరు తినిపిస్తారే నీకు?"

ఆ మాటకు చెల్లెలి మొహం ఒక్క క్షణం వణికింది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఏడుపు ముందు వచ్చే వణుకే అది. తల్లి పోయినప్పుడు దానికి ఆరేళ్లు, తనకు పద్దెనిమిది. అప్పటి నుంచి ఆ వణుకు చూస్తే అక్క చేతులు వాటంతటవే ముందుకు చాపుకునేవి. ఇప్పుడూ చాచింది.

చెల్లెలు వెనక్కి తగ్గింది. తలుపు మూసుకుంది.

అక్క బాక్సు అక్కడే వదిలేసి పనికి బయల్దేరింది.

*

ల్యాబులో ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కూలిన శ్లాబులోంచి డ్రిల్లు మిషనుతో తీసిన మూడు కోర్లు వచ్చాయి. చేతి మందాన, మూరలో సగం పొడుగున్న గుండ్రటి కాంక్రీటు ముక్కలు. గోనెసంచిలో చుట్టి, పైన లక్క సీలు వేసి పంపారు. ఊళ్లో పెద్ద మిషను ఈ ఒక్క ల్యాబులోనే ఉంది కాబట్టి పరీక్ష ఇక్కడే జరగాలి. కానీ ఆమె దేన్నీ ముట్టుకోకూడదు.

"మీరు ఆ గోడ దగ్గర నిలబడండమ్మా. చూడొచ్చు. చెయ్యి మాత్రం వెయ్యొద్దు," అన్నాడు విచారణ కమిటీ ఇంజనీరు. వయసు మళ్లిన మనిషి. మాట మెత్తన. జేబులోంచి చిన్న భూతద్దం తీసి తుడుచుకుంటున్నాడు.

పదహారేళ్లుగా ఆ గదిలో ఆమె నిలబడని చోటు ఏదన్నా ఉంటే అది ఆ గోడ పక్కే.

మిషను నడిపే ఆయనకు "కిలోన్యూటన్" అని పేరు. రీడింగు వచ్చినప్పుడల్లా ఇన్ని కిలోన్యూటన్లని పక్క వీధికి వినపడేలా అరవడం ఆయనకు అలవాటు. ఒకసారి ఫోనులో కూతురి మార్కులు చెబుతూ చివర కిలోన్యూటన్లు అనేశాడని ల్యాబంతా ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ రోజు ఆయన మొదటి కోరును రెండు పలకల మధ్య నిలబెట్టి, మీట తిప్పి, ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ముల్లు మెల్లగా పైకి ఎక్కింది. యాభై. ఎనభై. నూరు. రెండు వందలు దాటాలి. దాటితేనే శ్లాబు శ్లాబు.

పొడిగా ఒక చప్పుడు.

"నూట పంతొమ్మిది," అన్నాడు కిలోన్యూటన్. ఎదురుగా ఉన్నవాళ్లకు కూడా సరిగా వినపడనంత నెమ్మదిగా.

రెండోది నూట ముప్పై ఎనిమిది. మూడోది నూట ఏడు.

కమిటీ ఇంజనీరు కాగితం మీద లెక్కేశాడు. "సైజును బట్టి క్యూబు బలంలోకి మారిస్తే పంతొమ్మిది, ఇరవై రెండు, పదిహేడు. ఉండాల్సింది నలభై. మీ రిపోర్టులో ఎంతమ్మా?"

"నలభై ఏడు," అంది అక్క.

ఆయన వంగి, పగిలిన ముక్కల్లోంచి ఒకటి తీసి భూతద్దంతో చూశాడు. తర్వాత దాన్ని ఆమె వైపు చాపాడు. "ముట్టుకోండి, పరవాలేదు. పరీక్ష అయిపోయింది. ఈ రాయి చూడండి."

చూడనక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది. కంకర ఎర్రగా, పెళుసుగా ఉంది. వేలితో గీకితే పొడి రాలుతోంది. ఎండకు ఎండి, వానకు నాని సత్తువ పోయిన రాయి. ఆమె పగలగొట్టిన క్యూబుల్లో నల్లరాయి ఉంది. పగిలిన ముఖం మీద రవ్వల్లా మెరిసింది. ఆ మెరుపు ఆమెకు గుర్తుంది. ఎందుకంటే మూడు క్యూబులూ ఒకదాని వెనక ఒకటి మిషను ముల్లు మీద వెయ్యీ యాభై, వెయ్యీ యాభై ఏడు, వెయ్యీ అరవై పలికాయి. "ముగ్గురూ కవల పిల్లల్లా ఉన్నారు మేడమ్" అని కిలోన్యూటన్ నవ్వాడు. సైటు మీద ఆదరాబాదరాగా పోసే కాంక్రీటు అంత ఒద్దికగా ఎప్పుడూ ఉండదు.

ఆ క్షణంలో ఆమెకు అనుమానం వచ్చింది. చెల్లెలి మొగుడు, అయినవాడు తెచ్చిన క్యూబులు కదా అని మింగేసింది.

"ఫారంలో ఒక గడి ఉంటుంది," అన్నాడు కమిటీ ఇంజనీరు, అదే మెత్తటి గొంతుతో. "క్యూబులు నా సమక్షంలో పోశారు అని. దాని కింద మీ సంతకం ఉంది. పోసేటప్పుడు మీరు అక్కడ ఉన్నారా?"

"రేపు పదింటికి రాసి ఇస్తాను సార్."

"రాసి ఇవ్వండి. మీకు తెలిసినదంతా."

ఆయన వెళ్లాక ల్యాబు సారు ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. మంచివాడే. ఆమెకు పని నేర్పింది ఆయనే. అందుకే ఆ మాట ఆయన నోటి నుంచి రావడం ఆమెకు ఇంకా కష్టంగా తోచింది.

"చూడమ్మా. రిజిస్టరులో క్యూబులు తెచ్చినవాడి సంతకం ఉంది. మీ మరిదిది. సైటు మీద క్యూబులు మార్చాడు, మనల్ని మోసం చేశాడు అని రాసెయ్. ఒక్క పేరాలో అయిపోతుంది."

"ఆ రోజు నేను సైటుకు వెళ్లలేదు సార్."

"చివరిదాకా ఉన్నానని రాయమనడం లేదు. వర్షం వల్ల మధ్యలో వచ్చేశానని రాయి."

"ఆయన పోయాడు సార్."

"అందుకే చెబుతున్నాను," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా. "పోయినవాడికి ఇంక ఏ నొప్పీ ఉండదు. నీకు ఉద్యోగం ఉంటుంది, ల్యాబుకు పేరుంటుంది."

"మా చెల్లెలు ఉంది కదా సార్."

సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

*

చెల్లెలు అన్నంత పనీ చేసింది. అక్క వచ్చేసరికి గేటు పక్కన మెట్టు మీద సంచీ ఉంది. బట్టలన్నీ మడతలు చెదరకుండా సర్ది, పైన దువ్వెన, మందుల డబ్బీ పెట్టింది. కోపంతో గెంటేసేవాళ్లు మందుల డబ్బీ గుర్తుపెట్టుకుని సర్దరు. అది చూశాకే అక్కకు కళ్లనీళ్లు వచ్చాయి.

సంచీ పక్కనే మెట్టు మీద అత్తగారు కూర్చుని ఉన్నారు, కాపలా ఉన్నట్టు.

"లోపలికి రా అమ్మాయ్."

"వద్దంది కదా అత్తయ్యగారూ."

"ఈ ఇల్లు దానిది ఎంతో నాదీ అంతే. రా, కూర్చో. కాళ్లు చూడు ఎట్లా దుమ్ము కొట్టుకుపోయాయో. నడిచి వచ్చావా?"

"నడిచే వచ్చాను. బస్సులో పక్కవాళ్లు పేపరు చదువుతున్నారు."

ముసలావిడ వీధి వైపు చూస్తూ అడిగారు. "ముక్కలు పగలగొట్టారట కదా ఇవాళ. ఏం తేలింది?"

"ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు."

"మావాడికి తెలుసా?"

చేతిలో పగిలిన రాయి ఇంకా ఉన్నట్టే అనిపించింది అక్కకు. అబద్ధం ఆడటానికి వీలుగానే ఉంది. సాయంత్రపు వెలుతురు మొహం మీద పడటం లేదు. కానీ ఎదురుగా ఉన్నది తల్లి.

"తెలుసు. మంచి రాయితో క్యూబులు విడిగా పోయించి తెచ్చాడు. నాకు తెలియకుండా."

ఆవిడ తల ఊపారు. ఏడవలేదు. తనకు ఎప్పుడో తెలిసిన సంగతిని ఇంకొకరి నోట విన్నట్టుగా ఊపారు.

"ఆ ముందురోజు అన్నం తినలేదు వాడు. కంచం ముందు కూర్చుని వేళ్లతో గీతలు గీశాడు. ఏంట్రా అంటే, ఏం లేదమ్మా, రేపు విప్పుతున్నారు అన్నాడు. విప్పితే ఏం అంటే, ఏం లేదమ్మా అన్నాడు మళ్లీ."

"ఆ ముందురోజు నా దగ్గరికి వచ్చాడు అత్తయ్యగారూ."

ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అనకుండా ఉంటే జరగనట్టే ఉంటుందేమోనని పదకొండు రోజులు కడుపులో దాచుకుంది.

"మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. మా దగ్గర ఒక హ్యామర్ ఉంటుంది. గోడకో శ్లాబుకో ఆనించి నొక్కితే లోపల గట్టిదనం ఎంతో చూపిస్తుంది. అది ఒక్క గంట ఇస్తారా వదినా అన్నాడు. లెటర్ ఏది అన్నాను. లెటర్ లేదు వదినా, నా కోసమే చూసుకోవాలి అన్నాడు. నేను..." ఆమె సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. "నేను నవ్వాను. అది మీ ఇంట్లో మేకులు కొట్టే సుత్తి కాదు నాయనా, ఆఫీసు నుంచి లెటర్ పట్రా, ఇస్తాను అన్నాను. అలాగే వదినా అని నవ్వి వెళ్లిపోయాడు."

"అంతేనా?"

"అంతే. క్యూబులు పోసే రోజు వర్షం పడుతుంటే, ఈ బురదలో మీరెందుకు వదినా, నేను చూసుకుంటా అన్నాడు. సరే అన్నాను. తడి క్యూబుల్లో గుర్తుగా గుచ్చడానికి నా సంతకం పెట్టిన చీటీలు కూడా కవర్లో పెట్టి పంపించేశాను. అప్పుడు రూలు అడ్డు రాలేదు నాకు. ఆ పిల్లాడు నిజం తెలుసుకుందామని వచ్చినరోజు మాత్రం రూలు మాట్లాడాను."

లోపల గిన్నె కిందపడ్డ చప్పుడు. ఇద్దరూ తిరిగి చూశారు. తలుపు వెనక చెల్లెలు. ఎప్పటి నుంచి నిలబడి ఉందో.

"రేపు ఏం రాస్తావు?" అంది.

"జరిగింది రాస్తాను. ఆయన చేసింది, నేను చేసింది. రెండూ."

"ఆయన పేరు రాయకు."

"అమ్మడూ..."

"అలా పిలవకు నన్ను. ఆయన పేరు రాయకు. ఊరంతా ఏమనుకుంటోందో తెలుసా నీకు? ముగ్గురు శ్లాబు కింద ఉంటే, కీచుమన్న చప్పుడు వినగానే బయటున్నవాడు లోపలికి పరిగెత్తాడు. ఒకణ్ణి అవతలికి తోసేశాడు. ఆ మనిషి మొన్న వచ్చి ఈ గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. రేపు వీళ్లందరూ ఏమంటారు? చంపినవాడే కాపాడబోయాడు అంటారు."

"మరి నన్నేం చెయ్యమంటావే?"

"అంతా నువ్వే చేశావని రాయి. చూడకుండా సంతకం పెట్టానని రాయి. అది నిజమే కదా!"

అత్తగారు మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేవబోయారు. "ఏం మాటలే అవి? అక్క నోటి దగ్గర కూడు తీసేస్తావా?"

"నువ్వు బతికే ఉన్నావు కదక్కా," అంది చెల్లెలు, అత్తగారి మాట విననట్టే. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు. "నువ్వు మొయ్యగలవు. ఆయన ఇంక మొయ్యలేడు."

ఎదురింట్లో ఎవరో కుళాయి తిప్పి కట్టడం మర్చిపోయారు. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"సరే," అంది అక్క.

*

పొద్దున్నే లేచి, బల్ల దగ్గర కూర్చుని రాసింది. రిపోర్టులు రాసి రాసి అలవాటైన చెయ్యి. కొట్టివేతలు లేవు. తొమ్మిది గంటలకు ముందే రెండు పేజీలు అయిపోయాయి. రాతంతా ఒకే తీరు. ఎక్కడా తడబాటు లేదు. కిందటి రాత్రి ఆమెను లోపల పడుకోమని ఎవరూ అనలేదు, వెళ్లమనీ అనలేదు. హాల్లో చాప మీద పడుకుంది.

చెల్లెలు స్నానం చేసి, తడిజుట్టుతో వచ్చి నిలబడింది. "చూపించు."

అక్క కాగితాలు ఇచ్చింది. పేరు ఎక్కడన్నా ఉందేమోనని వెతుకుతూ చెల్లెలు నిలబడే చదివింది. పెదవులు కదుపుతూ చదవడం దానికి చిన్నప్పటి అలవాటు. ఎంత మందలించినా పోలేదు.

"క్యూబులు పోయునప్పుడు నేను అక్కడ లేను. ఉన్నట్టుగా సంతకం చేసితిని. ఫలితములపై నాకు అనుమానము కలిగినను ఎవరికీ తెలుపలేదు. ఈ తప్పు పూర్తిగా నాది..."

పేజీ తిప్పింది.

"ఆ క్యూబులు ఎక్కడ, ఎవరు పోసినదీ నాకు తెలియదు."

పెదవులు ఆగిపోయాయి.

అక్క చెప్పులు వెతుక్కుంటోంది. "పేరు లేదు కదా? ఇంకేమన్నా మార్చాలా? టైము అవుతోంది."

చెల్లెలు కాగితాలు పట్టుకునే నేల మీద కూర్చుంది.

"ఇక్కడే పోశారక్కా," అంది.

"ఏంటి?"

"మన పెరట్లో. శ్లాబు పోసిన ఆ ఆదివారం. కాంట్రాక్టరు మనిషి ఒకడు వచ్చాడు. రెండు తట్టల నల్లకంకర, సగం బస్తా సిమెంటు తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఇనప అచ్చుల్లో పోశారు. ఏంటిది అంటే, శాంపిల్ అన్నారు. ఈయన నా వైపు చూడలేదు. నీ చీటీలు కవర్లోంచి తీసి ఇచ్చి, ఇవి మెల్లగా గుచ్చవే, నా చేతులు వణుకుతున్నాయి అన్నారు. నేనే గుచ్చాను. నీ సంతకం పైకి కనపడాలని బొటనవేలితో అద్దాను కూడా."

అక్క చేతిలోని చెప్పు కిందపడింది.

"నీకు అర్థమైందా అప్పుడు?"

"ఆ రోజు కాలేదు. మర్నాడు అయింది. నీకు చెబుదామని ఫోను తీశాను కూడా." చెల్లెలు మొహం తుడుచుకోలేదు. నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. "ఈయన బతిమాలారు. ఆ కాంట్రాక్టరు రాయి మార్చడట, కాదంటే వేరేవాణ్ణి పెట్టుకుంటాడట. నడకదారి శ్లాబుకు నలభై అక్కర్లేదే, ముప్పైకి కూడా నిలబడుతుంది, రూల్సు ఊరికే ఎక్కువ పెడతారు అన్నారు. నమ్మాను. నమ్మాలని నమ్మాను."

అత్తగారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎంత విన్నారో తెలియదు. గోడ పట్టుకున్నారు.

"అయిపోలేదక్కా. ఇంకా ఉంది."

"ఊరుకోవే. చాలు."

"చాలదు. వినాలి నువ్వు. నీ దగ్గర హ్యామర్ అడిగి వచ్చిన సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా అన్నారు. మీ అక్కకు అంతా చెప్పేస్తానే. రేపు విప్పడం ఆపిస్తుంది. నా వల్ల కావడం లేదు అన్నారు. మళ్లీ బయటికి కూడా నడిచారు. గేటు తీశారు."

చెల్లెలు చేతిలోని కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"నేను వెనక పరిగెత్తి చొక్కా పట్టుకున్నాను. అక్క అప్పటికే సంతకం పెట్టేసింది, ఇప్పుడు చెబితే ముందు పోయేది దాని ఉద్యోగమే అన్నాను. అమ్మ పోయాక మా అక్క పెళ్లి కూడా చేసుకోకుండా నన్ను పెంచింది, దాన్ని రోడ్డున పడేస్తారా అన్నాను. ఒట్టు పెట్టించుకున్నాను. నోరు మూసుకుని రేపొక్కరోజు గడిపెయ్యండి, అయిపోతుంది అన్నాను."

ఆ చొక్కా పట్టుకున్న తన చేతిని తిప్పి చూసుకుంది.

"నీ కోసమే ఆపాను అక్కా."

నిన్నటి నుంచి ఆ మొహంలో చూసింది తన మీద కోపం కాదని అక్కకు అప్పుడు తెలిసింది. దగ్గరికి తీసుకోవాలని ఉంది. చేతులు లేవలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, ఎవరిని ఓదార్చాలో తెలియక అలాగే నిలబడిపోయింది. చెల్లెలిని దగ్గరికి తీసుకోవడానికి చేతులు రాకపోవడం ఆమె బతుకులో అదే మొదలు.

అత్తగారే ముందుగా కదిలారు. మెల్లగా వచ్చి కోడలి పక్కన కూర్చుని, తడిజుట్టు కొసలు తన కొంగుతో ఒత్తారు.

"వాడు నీ మాట విన్నాడు. నీ మాటే వింటాడు ఎప్పుడూ," అన్నారు. నిందించారో, ఓదార్చారో, ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

"అత్తయ్యా, ఆ ఇద్దరు కూలీలకు అమ్మలు ఉంటారా?"

"ఉంటారు."

"వాళ్లు ఏమనుకుంటారు?"

"అంతా దేవుడి రాత అనుకుంటారు. ఎవరన్నా నిజం చెప్పేదాకా అలాగే అనుకుంటారు." ముసలావిడ గొంతు అక్కడ తెగింది. "నా కొడుకు పేరు కొట్టేసి నాకు ఇవ్వకండే. వాడు చేసిందీ వాడిదే, పరిగెత్తి పోయిందీ వాడిదే. సగం కొడుకుని నేనేం చేసుకోను?"

చెల్లెలు లేచింది. మొహం కడుక్కుంది. తడి చేతులతోనే జుట్టు ముడి వేసుకుంది. అక్క రాసిన రెండు పేజీలనూ నాలుగు మడతలు పెట్టి, తన సంచీలో వేసుకుంది.

"అది నాకివ్వు," అంది అక్క. "నేను ఇవ్వాల్సింది అది."

"పద. నేనూ వస్తున్నాను."

"వచ్చి ఏం చేస్తావు? పెరడు సంగతి నోరు జారావంటే నిన్ను కూడా..." ఆమె సంచీ కోసం చెయ్యి చాపింది. "వద్దమ్మడూ. నేను రాసింది చాలు. నన్ను ఒక్కదాన్నే పోనీ."

ఈసారి ఆ పిలుపును చెల్లెలు కాదనలేదు. చెప్పులు వేసుకుంది.

ఇద్దరూ వీధి చివరి దాకా నడిచారు. బస్సు వచ్చింది. ఇద్దరు పట్టే సీటు ఒకటి ఖాళీగా ఉంది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది. దాని నోరు రెండు చేతులతో మూసి పట్టుకుంది.

"ఆ కాగితం ఇస్తావా, చించేస్తావా?" అడిగింది అక్క.

చెల్లెలు బయటికి చూస్తోంది. బస్సు కాలువ వైపు మలుపు తిరిగింది. దూరాన కూలిన చోట ఇనప చువ్వలు గాలిలోకి వంకర తిరిగి కనిపించాయి. కండక్టరు వచ్చి ఎక్కడికి అని అడిగాడు.

అక్క నోరు తెరిచేలోగా చెల్లెలే చెప్పింది, ల్యాబు స్టాపు కంటే ఒక స్టాపు ముందున్న పోలీసు స్టేషను పేరు.

"రెండు టికెట్లా?" అన్నాడు కండక్టరు.

చెల్లెలు అక్క వైపు తిరిగి చూసింది.